లజ్ హౌస్ చిన్నబ్బాయి: టెన్నిస్‌లోనూ క్రికెట్‌లోనూ దేశానికి ఆడిన కోట రామస్వామి

బుచ్చిబాబు టోర్నమెంటు అంటే క్రికెట్ చూసే పిల్లలు చాలామంది గుర్తుపడతారు. చెన్నైలోనో కోయంబత్తూరులోనో జరుగుతున్నప్పుడు ఏ జట్టు ఎంత కొట్టిందో కూడా చెబుతారు. ఆ బుచ్చిబాబు ఎవరని మా తొమ్మిదో తరగతిలో అడిగితే "ముంబయి ఆయన కాబోలు సార్" అన్నాడొకడు. "సినిమా డైరెక్టరు సార్" అన్నాడు ఇంకొకడు. కాదురా, మైలాపూరు మనిషి, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడిన నాయుడుగారు అని చెబితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమిళనాడు క్రికెట్‌కు మూలపురుషుడు అనిపించుకున్న మనిషి తెలుగువాడా అని వాళ్ల ఆశ్చర్యం.

ఆ బుచ్చిబాబు గారి చిన్నకొడుకు కథ అంతకన్నా ఆశ్చర్యంగా ఉంటుంది. పేరు కోట రామస్వామి. చదువుకునే రోజుల్లో టెన్నిస్ ఆడి 1922లో డేవిస్ కప్‌లో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు. పద్నాలుగేళ్ల తరువాత, 40 ఏళ్లు నిండాక, క్రికెట్‌లో తొలి టెస్టు ఆడారు. డేవిస్ కప్పు, టెస్టు క్రికెట్టు రెండూ ఆడిన భారతీయుడు ఆయనొక్కరే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన లేరు. మన పాఠశాలల్లో ఆటల పీరియడ్ ఉండాలా, ఆ గంట కూడా చదువుకే ఇచ్చేయాలా అని మాట్లాడుకునే ప్రతిసారీ మాకు మాత్రం ఆయన గుర్తుకొస్తారు.

ఇంటిపేరు చిక్కు

ముందు ఆయన పేరు సంగతి చూద్దాం. మన పిల్లల తల్లిదండ్రులకు ఇది బాగా అర్థమవుతుంది.

తమిళనాడులో ఇనీషియల్ అంటే తండ్రి పేరులోని మొదటి అక్షరం. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు. ఒకే ఇంట్లో పెద్దవాడికి ఇంటిపేరు అక్షరం, చిన్నదానికి తండ్రి పేరు అక్షరం పడిన రికార్డులు మన బడులన్నింట్లోనూ ఉన్నాయి. రామస్వామి గారింట్లో చిక్కు మరో రకం. తండ్రి పూర్తి పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు అన్నది ముద్దుపేరు. అదే ఊరికీ చరిత్రకూ తెలిసిన పేరైంది. అన్నలు వెంకటరామానుజులు, బాలయ్యల పేర్ల ముందు మోదవరపు ఇంటిపేరు ఉంటుంది. చిన్నవాడైన రామస్వామి తల్లివైపు తాతగారింటికి దత్తత వెళ్లారు. అందుకే ఆయన ఇంటిపేరు కోట. క్రికెట్ రికార్డుల్లో సి. రామస్వామి అని చూసి, ఎం. బాలయ్యకు తమ్ముడెలా అయ్యాడని తికమకపడేవాళ్లు ఉంటారు. తెలుగిళ్లలో దత్తత సంగతి తెలిసినవాళ్లకు ఆ తికమక ఉండదు.

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. మైలాపూరులో వాళ్ల ఇల్లు లజ్ హౌస్. ఇల్లంటే మనం అనుకునే ఇల్లు కాదు, చుట్టూ పెద్ద తోట ఉన్న బంగళా. బుచ్చిబాబు తాతగారు ఇంగ్లీషు వ్యాపార కంపెనీకి దుబాసీగా పనిచేసి సంపాదించినవారు. దుబాసీ అంటే రెండు భాషలవాడు. తెల్లవాడి మాట మనవాళ్లకూ, మనవాళ్ల మాట తెల్లవాడికీ చేరవేసే ఉద్యోగం. రెండు భాషలు రావడమే ఆ ఇంటి సిరికి మూలం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు అంటూ మూడింటి మధ్య నలుగుతున్నామని బాధపడే మన పిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

చెట్టు కింద భోజనం

ఆ కాలంలో మద్రాసులో క్రికెట్ అంటే తెల్లవాళ్ల ఆట. 1846లో పెట్టిన మద్రాస్ క్రికెట్ క్లబ్బు చేపాక్కంలో ఉండేది. అందులో భారతీయులకు సభ్యత్వం లేదు. ఎప్పుడైనా మనవాళ్లను ఆటకు పిలిచినా పెవిలియన్ మెట్లు ఎక్కనిచ్చేవారు కాదనీ, బట్టలు మార్చుకోవడం, భోజనం చేయడం చెట్ల కిందేననీ చెబుతారు. బుచ్చిబాబుకు ఈ మర్యాద నచ్చలేదు. పెవిలియన్‌లోకి రానివ్వమని అర్జీ పెట్టుకోవడం ఆయన పద్ధతి కాదు. 1888లో భారతీయుల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్బు మొదలుపెట్టారు. ఆడగలిగిన కుర్రాళ్లను వెతికి పట్టుకున్నారు. బ్యాట్లు, బంతులు, బట్టలు తన డబ్బుతో కొనిచ్చారు, దగ్గరుండి నేర్పించారు.

తెల్లవాళ్ల జట్టుకూ మనవాళ్ల జట్టుకూ సమానస్థాయిలో పోటీ జరగాలన్నది ఆయన పట్టుదల. చివరికి ఆ పోటీ కుదిరింది. 1908 డిసెంబరు ఆఖరులో ఆట అనుకుంటే, అదే నెలలో ఆట మొదలుకాకముందే బుచ్చిబాబు కన్నుమూశారు. వయసు 40 ఏళ్లే. ఆట మాత్రం ఆగలేదు. తరువాతి కాలంలో అదే ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో పొంగల్ పండుగ రోజుల్లో ఏటా జరిగే వేడుకైంది.

తండ్రి పోయేనాటికి రామస్వామికి 12 ఏళ్లు. మన లెక్కలో ఏడో తరగతి పిల్లవాడు. ఇంటి పెద్ద పోతే ఆట ముందుగా ఆగిపోవడం మనం రోజూ చూస్తున్నదే. గుడియాత్తంలో తండ్రి మంచాన పడితే మగ్గం మీదికో అగ్గిపెట్టెల పనికో వెళ్లిన పిల్లలు మనకు తెలుసు. లజ్ హౌస్‌లో ఆస్తి ఉంది, అన్నలున్నారు, మైదానం ఉంది. కనుక ఆ పిల్లవాడి ఆట ఆగలేదు. ఈ తేడాను దాచి, "చూశావా, తండ్రి లేకపోయినా ఎంత సాధించాడో" అని పిల్లలకు పాఠం చెబితే అది నిజాయితీ కాదు.

కాలేజీ మైదానాల కాలం

రామస్వామి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో మన దేశంలోనే కాదు, ప్రపంచంలో చాలాచోట్ల కొత్త ఆటలు కాలేజీ మైదానాల్లోనే పుట్టి పెరిగాయి. అమెరికన్ ఫుట్‌బాల్ సంగతే చూడండి. ఈ రోజు హెల్మెట్లు, భుజాలకు గట్టి తొడుగులు వేసుకుని కోట్ల డాలర్ల మీద ఆడే ఆ ఆటకు తొలి కాలేజీ పోటీ 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలో జరిగింది. రట్గర్స్ కాలేజీ కుర్రాళ్లు, ప్రిన్స్‌టన్ కుర్రాళ్లు జట్టుకు 25 మంది చొప్పున దిగారు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు. కాలితో తన్నాలి, లేదా చేత్తో కొట్టాలి. యూనిఫారాలు లేవు. తమవాళ్లను గుర్తుపట్టడానికి రట్గర్స్ వాళ్లు ఎర్రగుడ్డలు తలపాగాల్లా చుట్టుకున్నారు. 6-4తో గెలిచారు. వారం తరువాత ప్రిన్స్‌టన్ వాళ్లు తమ మైదానంలో, తమ నిబంధనలతో ఆడించి 8-0తో బదులు తీర్చుకున్నారు.

ఈ అమెరికా కబురు వేలూరు పాఠకులకు ఎందుకంటారా? రట్గర్స్ కాలేజీని స్థాపించింది డచ్చి రిఫార్మ్‌డ్ చర్చివారు. అదే చర్చికి చెందిన అమెరికన్ ఆర్కాటు మిషన్ మన జిల్లాలో బడులు, ఆస్పత్రులు పెట్టింది. 1898 నాటి ఊరీస్ కాలేజీ వాళ్లదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువుకున్న ఆ కాలేజీ ముందునుంచి మన పిల్లలు రోజూ బస్సులో పోతుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ మన ఊళ్లకు రాలేదు. అయినా చదువు పక్కనే ఆటస్థలం ఉండాలన్న అలవాటు మన ప్రాంతపు బడులకు ఇలాంటి దారుల్లోనే వచ్చింది. 1869లో రట్గర్స్ జట్టుకు నాయకత్వం వహించిన విలియం లెగెట్ తరువాత చర్చి ఫాదరయ్యారు. ఆ జట్లలో ఎవరూ ఆటతో పొట్టపోసుకోలేదు. అప్పటికి ఆ ఆటకు జీతం అన్న మాటే లేదు.

మన బడుల్లో పి.ఈ.టి. మాస్టార్ల వంశవృక్షం కూడా అలాంటిదే. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టారు. మన చిన్నప్పుడు ఈల వేసి వరుసలో నిలబెట్టిన మాస్టార్లలో ఎంతోమంది అక్కడ చదివినవాళ్లో, అక్కడ చదివినవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లో అయి ఉంటారు. మన ఆవరణల్లో రెండు గుంజలు పాతి ఆడే వాలీబాల్ కూడా 1895లో అమెరికాలో ఒక వై.ఎం.సి.ఏ. వ్యాయామ శాలలో పుట్టిందే.

మళ్లీ మన కథలోకి వద్దాం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో రామస్వామి కేంబ్రిడ్జికి వెళ్లారు. క్రికెట్ ఇంటి పిల్లవాడు అక్కడ టెన్నిస్‌లో ముందుకొచ్చారు. విశ్వవిద్యాలయం తరఫున ఆడారు. భారతదేశం డేవిస్ కప్‌లో అడుగుపెట్టింది 1921లో. మరుసటి ఏడాదే రామస్వామి జట్టులో ఉన్నారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రుమేనియాతో జరిగిన పోటీలో ఆయన డబుల్స్ ఆడారు. మనవాళ్లు గెలిచారు. ఆ తరువాత స్పెయిన్ చేతిలో ఓడిపోయారు. వింబుల్డన్‌లోనూ ఆడారు. అప్పటికి ఆయన వయసు 26.

అక్కడితో ఆగిపోయినా చెప్పుకోదగ్గ జీవితమే. చదువు ముగించుకుని 1923 ప్రాంతంలో తిరిగొచ్చారు. ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఇక్కడే మన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఆటలాడినవాడికి ఉద్యోగం ఎవరిస్తారు? ఆయన ఆట మానేసి ఉద్యోగం చేయలేదు, ఉద్యోగం మానేసి ఆటా ఆడలేదు. ఎడమచేతి వాటం బ్యాటింగుతో ప్రెసిడెన్సీ మ్యాచుల్లో ఏళ్ల తరబడి భారతీయుల జట్టుకు ఆడారు. బుచ్చిబాబు కన్న కలను ఆయన కొడుకులే బ్యాటు పట్టుకుని నడిపించారన్న మాట. అయితే పెద్ద జట్టు పిలుపు మాత్రం రాలేదు. భారతదేశం తొలి టెస్టు ఆడిన 1932లో ఆయన వయసు 36. ఆ వయసు ఆటగాడికి "ఇక చాల్లే" అని అందరూ చెబుతారు.

1936 వేసవి

పిలుపు 1936లో వచ్చింది, ఇంగ్లండు పర్యటనకు. ఆ జట్టులో తెలుగు మూలాలున్నవాళ్లను లెక్కపెడితే ముచ్చటేస్తుంది. కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే పెద్దమనిషి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు. మద్రాసు నుంచి మన రామస్వామి. అయితే నలుగురు తెలుగువాళ్లు ఒక్కచోట చేరారని సంబరపడే వీల్లేదు. విజ్జీకీ సి.కె. నాయుడికీ పొసగలేదు. జట్టంతా రెండు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు కూడా ఆడకుండానే ఇంటికి పంపేశారు. ఆటకన్నా హోదా పెద్దదైతే ఏమవుతుందో చెప్పడానికి ఆ పర్యటన చాలు.

మొదటి టెస్టులో రామస్వామికి చోటు దొరకలేదు. రెండో టెస్టు జులై 25న మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో మొదలైంది. 40 ఏళ్లు నిండి నెల దాటిన మనిషి తొలి టెస్టు ఆడటానికి దిగారు. భారతదేశం తరఫున ఇంతకన్నా పెద్ద వయసులో తొలి టెస్టు ఆడినవారు ఒక్కరే ఉన్నారు, 1933లో రుస్తుంజీ జంషెడ్జీ.

మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 203కే ముగించేశారు. అందులో రామస్వామివి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 కొట్టింది, హామండ్ ఒక్కడే 167. ఆటలో రెండో రోజున రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి. టెస్టుల్లో ఒక్కరోజులో అన్ని పరుగులు మరెప్పుడూ రాలేదు. 368 పరుగులు వెనకబడి రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టిన విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కే 203 చేర్చారు. ఇద్దరూ సెంచరీలు కొట్టారు. ఆ మోత మధ్యలో రామస్వామి 60 పరుగులు చేశారు. భారత్ 5 వికెట్లకు 390తో మ్యాచ్ కాపాడుకుంది. చరిత్ర పుస్తకాల్లో మర్చంట్, ముస్తాక్‌ల పేర్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. న్యాయమే. కానీ నలభై ఏళ్ల కొత్త ఆటగాడు రెండు ఇన్నింగ్స్‌లోనూ వంద కలిపి ఇవ్వకపోయి ఉంటే ఆ మ్యాచ్ నిలిచేదా అన్నది ఆలోచించాలి.

ఆగస్టులో ఓవల్ మైదానంలో మూడో టెస్టు. మనవాళ్లు 9 వికెట్ల తేడాతో ఓడారు. రామస్వామి 29 పరుగులు, తరువాత ఔట్ కాకుండా 41 చేశారు. రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్స్, 170 పరుగులు, సగటు 56.66. ఒక్కసారి కూడా 25 కన్నా తక్కువకు ఔట్ కాలేదు. మళ్లీ టెస్టు ఆడలేదు. భారతదేశం తదుపరి టెస్టు ఆడింది పదేళ్లు గడిచి, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1946లో. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు.

మొత్తం 53 ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో ఆయన చేసింది 2400 పరుగులు. ఈ అంకెలు చూసి గొప్ప ఆటగాడని ఎవరూ అనరు. మేమూ అనం. ఆయన విశేషం అంకెల్లో లేదు. 26 ఏళ్లకు ఒక ఆటలో, 40 ఏళ్లకు ఇంకో ఆటలో దేశం తరఫున నిలబడ్డారు. ఆ మధ్య కాలంలో ఎవరూ పిలవకపోయినా పద్నాలుగేళ్లు ఆడుతూనే ఉన్నారు.

అదే పర్యటనలో మద్రాసుకే చెందిన ఎం.జె. గోపాలన్ కూడా ఉన్నారు. హాకీలో, క్రికెట్‌లో రెండింట్లోనూ దేశానికి ఆడిన మనిషి. 1936లోనే బెర్లిన్ ఒలింపిక్స్ జరిగాయి. హాకీ జట్టుతో వెళ్లే అవకాశం ఉన్నా ఆయన క్రికెట్ పర్యటననే ఎంచుకున్నారు. హాకీ జట్టు బంగారు పతకంతో వచ్చింది. గోపాలన్‌కు ఇంగ్లండులో ఒక్క టెస్టులోనూ చోటు దక్కలేదు. రెండు ఆటలు వచ్చినవాడి కష్టం అది. పిల్లలకు ఈ కథ చెబితే క్లాసులో అరగంట వాదులాడుకుంటారు, ఏది ఎంచుకోవాల్సిందని. చెప్పి చూడండి.

ఆట ముగిశాక

రామస్వామి ఆటతో అనుబంధం వదల్లేదు. 1952-53లో భారత జట్టు మొదటిసారి వెస్టిండీస్ వెళ్లినప్పుడు మేనేజరుగా వెళ్లారు. జట్టును ఎంపిక చేసే బాధ్యతలూ చూశారు. 1966లో తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో 'రాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్' పేరుతో పుస్తకం రాశారు. తెలుగులో చెప్పాలంటే ఆటల పిచ్చివాడి కబుర్లు. తన గురించి తాను అలా అనుకోవడానికి ఎంత తేలిక మనసు కావాలో.

ఆయన చివరి అధ్యాయం మాత్రం బాధ కలిగిస్తుంది. 1985 అక్టోబరు 15న, 89 ఏళ్ల వయసులో, మద్రాసులో తన ఇంట్లోంచి బయటికి వెళ్లారు. తిరిగి రాలేదు. ఎక్కడా ఆచూకీ దొరకలేదు. కొన్నేళ్లకు క్రికెట్ రికార్డుల పుస్తకాలు ఆయన పేరు పక్కన మరణించినట్లు భావిస్తున్నామని రాసుకున్నాయి. తండ్రి పేరు ఏటా టోర్నమెంటుగా మోగుతుంటే కొడుకు ఎలా వెళ్లిపోయారో ఎవరికీ తెలియకుండా పోయింది. వయసు మీదపడిన పెద్దవాళ్లు ఇల్లు దాటి దారి మరిచిపోవడం మన వీధుల్లోనూ చూస్తున్నాం.

మన బడుల సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రామస్వామికి ఉన్నవి మన పిల్లలకు లేవు. తోట ఉన్న బంగళా లేదు, కేంబ్రిడ్జి లేదు. తండ్రి రాణిపేట తోలు కార్ఖానాలోనో, కాట్పాడి రైల్వే స్టేషన్ దగ్గర ఆటో మీదో ఉంటాడు. ఆయనకు ఇంట్లో దొరికినదాంట్లో మన పిల్లలకు దొరికేది ఒక్కటే: బడి ఆవరణ, అందులో వారానికి దక్కే ఒకటో రెండో ఆటల పీరియడ్లు. సెలవుల్లో తిరువలం వంతెన కింద, చిత్తూరు వైపువాళ్లు నీవా అనీ ఇక్కడివాళ్లు పొన్నై అనీ పిలిచే ఏటి ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడుకుంటారు. ఏట్లో నీళ్లొస్తే అదీ లేదు.

ఆ ఒకటో రెండో పీరియడ్లకే ఎసరు వస్తోంది. కారణం కూడా మనకు తెలుసు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలు తెలుగుతోపాటు తమిళం కూడా పరీక్షస్థాయికి చదవాలి. పదో తరగతిలో ఆ పేపరు గురించి కోర్టుల చుట్టూ తిరిగిన కథంతా ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. ఇంట్లో తమిళం రాయడం, చదవడం చెప్పేవాళ్లు లేని పిల్లవాడికి బడిలోనే అదనపు తరగతి పెట్టాలి. ఎక్కడినుంచి తెస్తాం ఆ గంట? లెక్కల నుంచి తీయలేం, సైన్సు నుంచి తీయలేం. టైంటేబుల్లో అడ్డుచెప్పనిది ఆటల పీరియడ్ ఒక్కటే. పి.ఈ.టి. పోస్టు ఖాళీగా ఉన్న బడుల్లో అయితే అడిగే మనిషి కూడా ఉండడు.

తమిళం నేర్చుకోవద్దని మేము అనడం లేదు. దుబాసీ మనవడి ఇంటి కథ చెప్పి ఆ మాట ఎలా అంటాం? ఈ రాష్ట్రంలో బతికేవాళ్లకు తమిళం రావాలి, బాగా రావాలి. అయితే మైదానంలో మా పిల్లలు పక్క బడి తమిళ పిల్లలతో కలిసి కబడ్డీ ఆడిన రోజున నేర్చుకున్న తమిళం ఆరు నెలల అదనపు తరగతుల్లో రాలేదు. కూతలో, తగాదాలో, పాయింటు ఎవరిదని వాదించుకోవడంలో భాష దానంతటదే నాలుక మీదికి వస్తుంది. ఇది మేము చూసి చెబుతున్న మాట. తెలుగు మీడియం అని చిన్నచూపు చూసేవాళ్లున్నా, మైదానంలో ఎవరూ ఏ మీడియం అని అడగరు.

2024 బాలల దినోత్సవం నాడు రాష్ట్ర ఉపముఖ్యమంత్రి కూడా ఆటల పీరియడ్‌ను లెక్కలకూ సైన్సుకూ అరువు తీసుకోవద్దని ఉపాధ్యాయులను కోరారు. హాలులో పిల్లలు చప్పట్లు కొట్టి ఉంటారు, మేమూ సంతోషించాం. కానీ అరువు అడిగేది మనమే. ఇచ్చేదీ మనమే. ఆ టైంటేబుల్ మీద సంతకం పెట్టేది కూడా మనమే.

తల్లిదండ్రులతో ఒక మాట. ఆడపిల్ల ఎనిమిదో తరగతికి రాగానే "ఇక ఆటలు చాలు" అని మాన్పిస్తున్నారు. వాలీబాల్‌లో, ఖోఖోలో మన ఆడపిల్లలు మగపిల్లలకన్నా ముందున్న బడులు వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ఉన్నాయి. పోటీకి వేరే ఊరు పంపాలంటే భయం ఉంటుంది, నిజమే. వెంట వెళ్లే టీచరమ్మ ఎవరో ముందుగా అడగండి, పోటీ జరిగే చోటు తెలుసుకోండి, కుదిరితే తల్లి ఒకరు తోడు వెళ్లండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉంది. రాష్ట్ర క్రీడాభివృద్ధి సంస్థ నడిపే క్రీడా వసతిగృహాలు ఉన్నాయి. అక్కడ ఎంపికైతే తిండి, వసతి, శిక్షణ దొరుకుతాయి. ఆట నమ్ముకుని చదువు వదలమని ఎవరూ చెప్పరు. రామస్వామి గారూ వదల్లేదు.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశాలకు వచ్చే తల్లిదండ్రులు మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి అడుగుతారు. అడగాల్సిందే. అదే వరుసలో మీ పిల్లల తరగతి టైంటేబుల్ చూపించమని అడగండి. ఆటల పీరియడ్ ఏ రోజు, ఏ గంట, ఎవరు తీసుకుంటున్నారు అని రాసుకోండి. నెల తరువాత పిల్లవాడిని అడిగి చూడండి.

మరొక్క పని. భారతియార్ దిన, గణతంత్ర దిన పోటీలకూ, ముఖ్యమంత్రి ట్రోఫీకీ పేర్లు ఇచ్చేటప్పుడు పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడూ ఒక్కటిగా ఉండాలి. మన పిల్లలకు ఎక్కువగా చిక్కు వచ్చేది ఇనీషియల్ దగ్గరే: ఒకచోట ఇంటిపేరు, ఒకచోట తండ్రి పేరు, ఇంకోచోట రెండూ. పోటీకి రెండు రోజుల ముందు తాలూకా ఆఫీసుకు పరిగెత్తితే పని కాదు. జూన్‌లో బడి తెరిచిన వెంటనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే తరగతి ఉపాధ్యాయుడికి అప్పుడే చెప్పండి.